అప్లికేషన్ పంపాక సార్ లెటర్ ఇంకా ‘పెండింగ్’ అంటోందా? ఇలా చేయండి

నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో చదివి విదేశాల్లో ఎంఎస్‌కి అప్లై చేసినవాళ్లు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అడిగే ప్రశ్నలు తిప్పి తిప్పి మూడే. ఫీజు కట్టేశాం, అప్లికేషన్ వెళ్లిపోయింది, సార్ రికమెండేషన్ లెటర్ (మన గురించి సార్ నేరుగా యూనివర్సిటీకి పంపే సిఫార్సు లేఖ) మాత్రం పెండింగ్ అని చూపిస్తోంది, ఏం చేయాలి? సార్ పంపేశానంటున్నారు, పోర్టల్ రాలేదంటోంది, ఎవరి మాట నమ్మాలి? లెటర్ అయితే వెళ్లింది, అందులో ఏం రాశారో ఏమో?

సార్‌కి మన మీద కోపమేమో, మేడమ్‌కి మనం గుర్తులేమేమో అని రాత్రిళ్లు నిద్ర మానుకునే ముందు మెయిల్ ఐడీలో అక్షరాలు ఒకసారి సరిచూసుకోండి. లెటర్ ఆగిందంటే చాలాసార్లు ఆగింది మెయిల్ దగ్గరే.

కింద రాసింది ముఖ్యంగా అమెరికా యూనివర్సిటీల పద్ధతి. బ్రిటన్, జర్మనీలకి తేడా ఎక్కడో చివర్లో ఉంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ప్రతి యూనివర్సిటీకి మీ అప్లికేషన్ ఐడీ, పోర్టల్ పాస్‌వర్డ్.
- లెటర్ ఇచ్చే ముగ్గురి మెయిల్ ఐడీలు, ఫోన్ నంబర్లు. విజిటింగ్ కార్డు, కాలేజీ వెబ్‌సైట్ చూసి రాసుకున్నవై ఉండాలి. ఫోన్‌లో విని రాసుకున్నది పనికిరాదు.
- ఒక ఎక్సెల్ షీటు. యూనివర్సిటీ, కోర్సు, గడువు, ఎన్ని లెటర్లు అడిగారు, ఎవరిది వచ్చింది, ఎవరికి ఎప్పుడు గుర్తుచేశారు అని గళ్లు గీసుకోండి.
- సార్‌కి ఇచ్చే ఒక పేజీ వివరాల కాగితం. అందులో ఏముండాలో ఆరో మెట్టులో చూడండి.
- అవసరమైతే లెటర్ ఇవ్వగల నాలుగో మనిషి. ప్రాజెక్టు గైడ్, ల్యాబ్ మేడమ్, ఇంటర్న్‌షిప్‌లో పై అధికారి, ఎవరైనా సరే.

షీటులో గడువుని మన టైములోకి మార్చి రాయండి. డిసెంబరు, జనవరి నెలల్లో అమెరికా తూర్పు తీరంలో రాత్రి 11:59 అంటే మనకి మర్నాడు ఉదయం 10:29. టెక్సాస్ వైపు సెంట్రల్ టైమైతే 11:29. కాలిఫోర్నియా టైమైతే మధ్యాహ్నం 1:29. ఇంకో సంగతి, అప్లికేషన్ గడువూ లెటర్ల గడువూ ఒకటే కానక్కర్లేదు. కొన్ని డిపార్ట్‌మెంట్లు లెటర్లకి వారం, పది రోజులు అదనంగా ఇస్తాయి, కొన్ని ఒక్క గంట కూడా ఇవ్వవు. ఆ డిపార్ట్‌మెంట్ పేజీలో ఏం రాసుందో అదే లెక్క. సీనియర్ చెప్పింది పోయినేడాది సంగతి.

1. స్టేటస్‌లో ఉన్న పదాన్ని సరిగ్గా చదవండి

‘రాలేదు’ అన్నది ఒకటే అయినా కారణాలు వేరు. ‘నాట్ సెంట్’ అని ఉంటే యూనివర్సిటీ అసలు సార్‌కి మెయిలే పంపలేదు. కొన్ని పోర్టళ్లు మీరు పేరు సేవ్ చేయగానే మెయిల్ పంపుతాయి, కొన్ని ఫీజు కట్టి సబ్మిట్ నొక్కాకే పంపుతాయి. రెండో రకం అని తెలియక గడువు రోజు సబ్మిట్ చేసేవాళ్లు సార్‌కి మిగిల్చేది కొన్ని గంటలే. ‘సెంట్’ అంటే మెయిల్ బయల్దేరింది, చేరిందని కాదు. ‘స్టార్టెడ్’ లేదా ‘ఇన్ ప్రోగ్రెస్’ అంటే సార్ లింకు తెరిచారు, మధ్యలో వదిలేశారు. ‘రిసీవ్డ్’ అంటే పని అయిపోయింది. ‘డిక్లైన్డ్’ అంటే సార్ కాదన్నారు, లేదా పొరపాటున ఆ బటన్ నొక్కారు. అడిగి చూడండి, పొరపాటే కావచ్చు.

పదం మారిన రోజు షీటులో తేదీ వేసుకోండి. సార్ ఈ రోజు అప్‌లోడ్ చేసినా మీ పోర్టల్‌లో కనిపించడానికి ఒకటి రెండు పనిదినాలు పట్టొచ్చు. శుక్రవారం రాత్రి పంపితే సోమవారం దాకా ఆగండి.

2. మెయిల్ ఐడీని అక్షరం అక్షరం చూడండి

అప్లికేషన్‌లో టైపు చేసిన ఐడీని, సార్ నుంచి మీకొచ్చిన పాత మెయిల్‌లోని ఐడీని పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కువగా జరిగే తప్పులివి: జీమెయిల్‌లో ‘ఎ’, ‘ఎమ్’ తారుమారవడం, ‘కామ్’ బదులు ‘కాన్’ పడటం, కాలేజీ ఐడీ చివర ‘ఏసీ డాట్ ఇన్’ ఉండాల్సినచోట ‘ఈడీయూ డాట్ ఇన్’ పెట్టడం, ‘ఓ’ అక్షరానికీ సున్నాకీ తేడా చూసుకోకపోవడం, కాపీ చేసినప్పుడు చివర ఒక ఖాళీ అతుక్కోవడం.

తప్పుంటే చాలా పోర్టళ్లలో సబ్మిట్ చేశాక కూడా రికమెండర్ (లెటర్ ఇచ్చేవాళ్ల) వివరాలు మార్చుకోవచ్చు. ‘ఎడిట్’ లేకపోతే ఆ పేరు తీసేసి కొత్తగా చేర్చండి. రెండూ కుదరకపోతే అడ్మిషన్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టాలి, తొమ్మిదో మెట్టు చూడండి.

ఐడీ సరిగ్గా ఉన్నా సార్ కాలేజీ మారితే పాత ఐడీ పనిచేయదు. మన దగ్గర అధ్యాపకులు విద్యాసంవత్సరం మధ్యలో కూడా మారుతుంటారు, అడగడంలో తప్పులేదు.

3. సార్ చేత స్పామ్ వెతికించండి

“మెయిల్ చూడండి సార్” అంటే ఇన్‌బాక్స్ చూసి లేదంటారు. ఎక్కడ చూడాలో చెప్పాలి. జీమెయిల్‌లో మామూలుగా వెతికితే స్పామ్‌లో ఉన్నవి ఫలితాల్లోకి రావు. అందుకే స్పామ్ తెరిచి అక్కడ యూనివర్సిటీ పేరుతో వెతకాలి. ప్రమోషన్స్, అప్‌డేట్స్ అనే ట్యాబులు కూడా చూడాలి. స్పామ్‌లో పడ్డది 30 రోజులకి దానంతటదే చెరిగిపోతుంది కాబట్టి నెల దాటితే వెతికి లాభం లేదు, కొత్తగా పంపించాల్సిందే.

సార్ జీమెయిల్‌లో ఉచితంగా వచ్చే 15 జీబీ నిండిపోయిందేమో కూడా అడగండి. నిండితే కొత్త మెయిల్ ఒక్కటీ రాదు. వాట్సాప్ బ్యాకప్, ఫోటోలు కూడా ఆ 15 జీబీలోనే లెక్క. పరీక్ష పేపర్లు, ప్రాజెక్టు వీడియోలు పేరుకున్న ఖాతాల్లో ఇది తరచూ జరిగేదే. పెద్ద అటాచ్‌మెంట్లు నాలుగు తీసేసి ట్రాష్ కూడా ఖాళీ చేస్తే దారి తెరుచుకుంటుంది.

4. పోర్టల్ నుంచి రిమైండర్ పంపండి

‘రీసెండ్’ లేదా ‘సెండ్ రిమైండర్’ బటన్ ఉంటుంది. మొదటి మెయిల్ వెళ్లిన 5 నుంచి 7 రోజుల తర్వాత ఒకసారి, గడువుకి 10 రోజుల ముందు ఒకసారి నొక్కితే చాలు. రోజూ నొక్కితే సార్‌కి ఒకే రకం మెయిళ్లు ఇరవై వస్తాయి, మెయిల్ సర్వర్ వాటిని స్పామ్‌లోకి తోసేయడమూ జరుగుతుంది.

రీసెండ్ చేశాక పాత లింకు కొన్ని పోర్టళ్లలో పనిచేయదు. “అన్నిటికన్నా పైన ఉన్న మెయిల్‌లోని లింకే నొక్కండి సార్” అని ఒక మాట చెప్పండి.

5. మెసేజ్ పెట్టండి, కానీ ఇలా

“సార్ లెటర్ గురించి...” అని చుక్కలు పెట్టి వదిలేయొద్దు. ఆ సార్‌ని మీలాంటివాళ్లు పదిహేనుమంది అడిగి ఉంటారు. మచ్చుకి:

“నమస్కారం సార్. నేను ఈసీఈ 2021–25 బ్యాచ్, రోల్ నంబరు చివర 47. టెక్సాస్ ఆర్లింగ్టన్ యూనివర్సిటీ నుంచి లెటర్ లింకు మీ కాలేజీ మెయిల్‌కి మంగళవారం ఉదయం వచ్చి ఉంటుంది సార్. ఇన్‌బాక్స్‌లో లేకపోతే స్పామ్‌లో ఉండొచ్చు. గడువు మన టైము ప్రకారం డిసెంబరు 16 ఉదయం 11:29. వివరాల కాగితం దీంతో పంపుతున్నా. మీకు ఏ రోజు వీలవుతుందో చెబితే ఆ రోజు పొద్దున గుర్తుచేస్తాను సార్.”

యూనివర్సిటీ పేరు పూర్తిగా రాయడం తప్పనిసరి. టెక్సాస్ డల్లస్, టెక్సాస్ ఆర్లింగ్టన్, నార్త్ టెక్సాస్ మూడూ ఒకే వారం పెట్టినవాళ్లకి వచ్చే తిప్పలు ఇక్కడే. ముగ్గురు అధ్యాపకులు, పది యూనివర్సిటీలు అంటే ముప్పై లింకులు. సార్ తొమ్మిది పూర్తిచేసి ‘అన్నీ పంపేశానయ్యా’ అంటే అది అబద్ధం కాదు, ‘టెక్సాస్’ అని చూసి అయిపోయిందనుకున్నారు. “ఇంకా ఏది మిగిలింది?” అని సార్‌ని అడగొద్దు. పోర్టల్ చూసి మిగిలినదాని పేరు మీరే చెప్పండి.

ఫోన్ చేయాలంటే క్లాసులు అయ్యాక, కాలేజీ బస్సు ఎక్కకముందు చేయండి. రాత్రి తొమ్మిది దాటాక వద్దు. నాన్నతోనో బంధువుల్లో పలుకుబడి ఉన్నవాళ్లతోనో చేయించొద్దు. మలై కాజా పెట్టె తీసుకెళ్లాలనిపిస్తే లెటర్ వెళ్లాక తీసుకెళ్లండి, ముందు కాదు.

6. ‘స్టార్టెడ్’ దగ్గర ఆగితే కాలేజీకి వెళ్లండి

లింకు తెరిచాక మధ్యలో వదిలేయడానికి కారణం బద్ధకం కాకపోవచ్చు. చాలా ఫారాల్లో లెటర్‌తోపాటు పట్టిక ఒకటుంటుంది: తెలివితేటలు, రాయగల నేర్పు, పట్టుదల, నలుగురితో కలిసి పనిచేయడం, వీటిలో ఈ విద్యార్థి తరగతిలో పైనున్న 5 శాతంలోనా, 10 శాతంలోనా, 25 శాతంలోనా అని. కొన్ని గళ్లు నింపకపోతే సబ్మిట్ కాదు. ఎర్రగీత పడ్డ గడి ఎక్కడో పైన ఉంటుంది, సార్ కింద బటన్ నొక్కి కదలట్లేదని మూసేస్తారు. ఇంకొన్నిసార్లు ‘సేవ్’ నొక్కి పంపేశామనుకుంటారు. సేవ్ అంటే డ్రాఫ్టే, చివర ‘సబ్మిట్’ ఉంటుంది. అది నొక్కగానే కృతజ్ఞతల పేజీ వస్తుంది. అది కనిపించిందా అని అడిగితే సంగతి తేలిపోతుంది.

పీడీఎఫ్ ఎక్కకపోతే మూడు చూడాలి. సైజు 2 ఎంబీ లోపు ఉందా, ఫైలుకి పాస్‌వర్డ్ ఉందా, వర్డ్ ఫైలుకే పేరు మార్చి పెట్టారా. లెటర్‌హెడ్‌ని 300 డీపీఐ రంగుల్లో స్కాన్ చేస్తే రెండు పేజీలకే సైజు పెరిగిపోతుంది. 150కి తగ్గించినా స్టాంపు, సంతకం చక్కగా కనిపిస్తాయి.

వెళ్లేటప్పుడు వివరాల కాగితం పట్టుకెళ్లండి. అందులో ఉండాల్సినవి: పాస్‌పోర్టులో ఉన్నట్టే పూర్తి పేరు, రోల్ నంబరు, ఆ సార్ చెప్పిన సబ్జెక్టులు, అవి ఏ సెమిస్టర్‌వి, వచ్చిన మార్కులు, ప్రాజెక్టులో మీరు చేసిన భాగం రెండు వాక్యాల్లో, ఆ సార్ కళ్లతో చూసిన సంఘటన ఒకటి. చివరిది ముఖ్యం. ల్యాబ్‌లో సర్క్యూట్ కాలిపోతే మీరు కారణం ఎలా కనిపెట్టారో, సెమినార్‌లో ఏ ప్రశ్నకి జవాబు చెప్పారో రాస్తే సార్‌కి మీరు గుర్తొస్తారు, లెటర్‌కి ప్రాణమొస్తుంది.

హెచ్చరిక: సార్ ఫోన్ మీ చేతికిచ్చి “నువ్వే కొట్టెయ్యి” అంటారు. చేయొద్దు. ఆ పట్టిక మీరు నింపితే అది సార్ అభిప్రాయం కాదు, దొంగ పత్రం. పక్కన నిలబడి ఏ గడి ఎక్కడుందో చూపించడం వరకే. “నువ్వే రాసుకురా, సంతకం పెడతా” అన్నప్పుడు “ఇంగ్లీషు నాకు మీ అంత రాదు సార్, పాయింట్లు రాసిస్తా, మీరు మార్చి రాయండి” అని వివరాల కాగితం ముందు పెట్టండి. ఇలా అంటే ఎవరూ నొచ్చుకోరు.

7. కన్సల్టెన్సీ కలగజేసుకుంటే

కొన్నిచోట్ల సార్ పేరు మీద కొత్త జీమెయిల్ తెరిచి ముగ్గురి లెటర్లూ ఆఫీసులో కూర్చుని వాళ్లే పంపేస్తారు. ముగ్గురివీ ఒకే కంప్యూటర్ నుంచి, గంట తేడాలో, ఒకే రకం వాక్యాలతో వెళ్తాయి. పోర్టళ్లు ఏ నెట్ కనెక్షన్ నుంచి వచ్చిందో నమోదు చేసుకోగలవు. అప్లికేషన్ చివర ‘ఇచ్చినవన్నీ నిజాలు’ అని టిక్ పెట్టింది మీరు, కన్సల్టెన్సీ కాదు. సీటు వచ్చాక బయటపడినా రద్దు చేసే హక్కు యూనివర్సిటీకి ఉంటుంది.

మీ అప్లికేషన్‌లో సార్ ఐడీ ఏది పెట్టారో ఇవాళే తెరిచి చూడండి. మీకు తెలియని ఐడీ ఉంటే, నిర్ణయం రాకముందే అడ్మిషన్స్ ఆఫీసుకి రాసి ఆ లెటర్ పక్కనపెట్టమని, సార్ అసలు ఐడీకి లింకు పంపమని అడగండి.

8. నాలుగో మనిషిని ఎప్పుడు కదిలించాలి

గడువు పది రోజుల్లో ఉండి, రెండు రిమైండర్లు వెళ్లినా స్టేటస్ కదలకపోతే కదిలించండి. చివరి మూడు రోజుల్లో అడిగితే వాళ్లకీ చేయడం కుదరదు. పోర్టల్ నాలుగో పేరు ఒప్పుకుంటే చేర్చండి, పాత పేరు తీసేయాల్సిన పనిలేదు. ఒప్పుకోకపోతేనే మార్చండి, మార్చేముందు మొదటి సార్‌కి ఫోన్ చేసి చెప్పండి. చెప్పకుండా మారిస్తే, అదే రోజు ఆయన కూర్చుని రాసిన లెటర్ ఎక్కడా ఎక్కదు.

మన జిల్లాల్లో రెండు కాలాలు లెక్కలో పెట్టుకోవాలి. ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, సరిగ్గా డిసెంబరు 15 గడువుల ముందు. కరెంటు, నెట్ పోతే సార్ చేసేదేమీ ఉండదు. రెండోది సంక్రాంతి. జనవరి 15 గడువు ఉన్నవాళ్లు భోగికి ముందే పని పూర్తిచేయించుకోవాలి. సెలవులకి ఊరెళ్లిన సార్ దగ్గర లెటర్‌హెడ్ ఉండదు, ల్యాప్‌టాప్ ఉంటుందన్న నమ్మకమూ లేదు. దీనికి తోడు సెమిస్టర్ పరీక్షల వాల్యుయేషన్ డ్యూటీ పడితే పగలంతా ఫోన్ ఎత్తరు.

9. యూనివర్సిటీకి ఎప్పుడు, ఏం రాయాలి

పంపానని సార్ గట్టిగా చెప్పి మూడు పనిదినాలు గడిచినా రాకపోతే, లేదా గడువు దాటిపోతుందని తేలితే. సబ్జెక్టు లైనులో మీ పూర్తి పేరు, అప్లికేషన్ ఐడీ, కోర్సు, ఏ సెమిస్టర్‌కో ఉండాలి. లోపల నాలుగే వాక్యాలు: ఎవరి లెటర్ రాలేదు, ఆయన ఏ ఐడీ నుంచి ఏ తేదీన పంపారు, రాకపోతే ఏ తేదీకి అందుతుంది, అప్పటిదాకా ఫైలు తెరిచి ఉంచగలరా. ఇంట్లో పరిస్థితులు, కల అని రాయొద్దు, చదివేవాళ్లకి కావాల్సింది ఐడీ.

సార్ పోర్టల్ వదిలేసి మామూలు మెయిల్‌లో లెటర్ పంపి ఉంటే దాన్ని మీ ఫైలుకి ఎవరో చేత్తో జతచేయాలి. అక్కడే మన పేర్లు ఇబ్బంది పెడతాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు విప్పి ఉంటుంది, లెటర్‌లో ‘పి. సాయి తేజ’ అని పొట్టిగా ఉంటుంది. ఆ పేరుతో ఎంతమంది ఉంటారో చెప్పక్కర్లేదు. లెటర్ మొదటి లైనులో పూర్తి పేరు, అప్లికేషన్ ఐడీ ఉంటే తప్పిపోదు.

సార్‌ది సొంత జీమెయిల్ అని యూనివర్సిటీ ఒప్పుకోకపోతే కాలేజీ ఐడీ ఇప్పించండి. అది లేని కాలేజీ అయితే ప్రిన్సిపాల్ ఆఫీసు ఐడీ నుంచి సార్ వివరాలు ధ్రువీకరిస్తూ ఒక మెయిల్ వెళ్తే ఒప్పుకుంటారేమో ముందే అడగండి.

లెటర్‌లో ఏముందోనన్న దిగులు

అప్లికేషన్‌లో ‘లెటర్ చూసే హక్కు వదులుకుంటున్నాను’ అని టిక్ పెట్టి ఉంటారు. విద్యార్థుల రికార్డుల మీద 1974లో వచ్చిన అమెరికా చట్టం ఫెర్పా కింద వచ్చే హక్కు అది. వదులుకోవడమే మంచిది. విద్యార్థి చూడడని తెలిస్తేనే సార్ మొహమాటం లేకుండా రాశారని నమ్ముతారు. వదులుకోకపోయినా ఆ హక్కు అక్కడ చేరి చదివేవాళ్లకే, అప్లికేషన్ దశలో చూపించరు. అందుకే సార్‌ని “ఏం రాశారు?” అని అడగొద్దు.

నిజంగా భయపడాల్సింది చెడు రాతకి కాదు. ఇష్టంలేని సార్ సాధారణంగా మొదటే కాదంటారు. దెబ్బతీసేవి పాత లెటర్ తిరగరాసినప్పుడు మిగిలిపోయే తప్పులు: అమ్మాయిని ‘అతను’ అనడం, వేరే యూనివర్సిటీ పేరు ఉండిపోవడం, సీజీపీఏ ట్రాన్‌స్క్రిప్ట్‌తో సరిపోకపోవడం, బ్యాచ్ సంవత్సరం మారడం. సార్ రాసేముందే “నా సీజీపీఏ, కోర్సు పేరు కాగితంలో టిక్ పెట్టాను సార్, ఒకసారి సరిచూడండి” అనండి. పంపాక తప్పుందని సార్‌కే తెలిస్తే, అదే ఐడీ నుంచి సార్ అడ్మిషన్స్ ఆఫీసుకి రాసి సరిచేసిన లెటర్ పంపొచ్చా అని అడగాలి. మీరు రాస్తే కుదరదు.

అందిందో లేదో తేల్చుకోవడం

చూడాల్సింది రెండుచోట్ల. అప్లికేషన్ పేజీలో ‘రిసీవ్డ్’ అని ఉండటం ఒకటి. సబ్మిట్ చేశాక ఇచ్చే వేరే స్టేటస్ పేజీ చెక్‌లిస్టులో ఆ లైనుకి టిక్ పడటం రెండోది. రెండోదే అసలు లెక్క. మూడు లెటర్లు అడిగినచోట రెండే వస్తే చాలాచోట్ల ఫైలు ‘ఇన్‌కంప్లీట్’గా ఉండిపోయి కమిటీ దాకా వెళ్లదు. టిక్ పడ్డ రోజే స్క్రీన్‌షాట్ తీసి షీటు పక్కన పెట్టుకోండి. ఆ రోజే సార్‌కి ‘లెటర్ అందింది సార్, ధన్యవాదాలు’ అని మెసేజ్ పెట్టండి. ఇంకా అందలేదేమోనని ఆయన మళ్లీ తెరిచి చూసుకునే పని తప్పుతుంది.

బ్రిటన్, జర్మనీకి

బ్రిటన్ మాస్టర్స్‌కి కొన్ని యూనివర్సిటీలు మీరే పీడీఎఫ్ అప్‌లోడ్ చేయమంటాయి, కొన్ని సార్‌కి లింకు పంపుతాయి. లెటర్ ఆలస్యమైనా ‘రిఫరెన్స్ (రికమెండేషన్‌ని అక్కడ అనే మాట) అందాలి’ అన్న షరతుతో ఆఫర్ ఇవ్వడం అక్కడ మామూలే, కంగారు అక్కర్లేదు. షరతులో రాసిన తేదీ మాత్రం దాటనీయొద్దు. ఇంటర్ తర్వాత యూకాస్ (బ్రిటన్ డిగ్రీ కోర్సులకి ఉమ్మడి అప్లికేషన్ పోర్టల్) ద్వారా వెళ్లేవాళ్లకి రిఫరెన్స్ అప్లికేషన్‌తో కలిసే వెళ్తుంది. జర్మనీలో చాలా కోర్సులకి లెటర్ తప్పనిసరి కాదు. అడిగినచోట లెటర్‌హెడ్, సంతకం, తేదీ, సార్ హోదా, మెయిల్ ఐడీ ఉన్న పీడీఎఫ్ మీరే జతచేస్తారు. తేదీ వేయించుకోవడం మాత్రం మరవొద్దు. సంతకం, స్టాంపు రెండూ పడ్డాయన్న సంతోషంలో ఎక్కువమంది మరిచేది అదే.